ట్రంకుపెట్టెలో 23 కిలోల పన్ను కాగితాలు: నా ఆగస్టు డైరీ

ఆగస్టు 3, 2025, ఆదివారం

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇల్లు దులిపే పనిలో సజ్జ మీద నుంచి నాన్న ట్రంకుపెట్టె దించాం. రెండేళ్ల క్రితం అమ్మా నాన్నా తెనాలి నుంచి హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేసినప్పుడు దాన్ని పైకెక్కించాం, మళ్లీ ముట్టుకున్న పాపాన పోలేదు. మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల పురికొసతో కట్టిన కట్టలు, ఒక్కోదాని మీద నాన్న గుండ్రటి చేతిరాతలో సంవత్సరం. అన్నిటికన్నా పాతది 1987-88. ఫారం 16లు (జీతంలో కోసిన పన్నుకి ఆఫీసు ఇచ్చే కాగితం), పాతకాలపు సరళ్ రిటర్ను ఫారాలు, ఎల్ఐసీ రసీదులు, పోస్టాఫీసు ఎన్ఎస్‌సీ జిరాక్సులు, పన్ను కట్టినట్టు బ్యాంకు సీలు పడిన చలానాలు. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు, ఆ పద్ధతి ఎక్కడికి పోతుంది! కట్టలన్నీ సంచిలో వేసి బరువు చూసే మిషన్ మీద పెడితే 23 కిలోలు తూగాయి.

"పాతపేపర్ల వాడికి వేసేద్దామా?" అన్నారు మా ఆయన.

"ఏ కాగితం ఎప్పుడు అవసరం పడుతుందో నీకెట్లా తెలుస్తుందమ్మా?" అన్నాడు నాన్న, అల్లుడికి చెప్పాల్సింది నాకు చెబుతూ.

నిజం చెప్పాలంటే ఇద్దరికీ జవాబు చెప్పే స్థితిలో నేను లేను. నా సొంత కాగితాలు బీరువా అడుగున ఒక కవర్లో కొన్ని, మెయిల్లో కొన్ని, ఆయన పాత లాప్‌టాప్‌లో కొన్ని ఉన్నాయి. ఈసారి ఆదాయపన్ను రిటర్ను గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 15కి జరిగింది కాబట్టి కాస్త టైం దొరికింది. ఈ నెల ఆదివారాలు దీనికే అని తీర్మానించుకున్నా. ఒక్కటే షరతు: ఎందుకు పారేస్తున్నానో తెలియకుండా ఒక్క కాగితం కూడా బయటికి వెళ్లకూడదు.

ఆగస్టు 9, శనివారం, రాఖీ పౌర్ణమి

పొద్దున్నే మా ఆడిటర్ గారికి ఫోన్ చేశా. "ఎన్నేళ్లు దాచాలండీ?" అంటే "మీకు నోటీసు రాగలిగినన్నేళ్లు" అని నవ్వారు. ఆ తర్వాత ఓపికగా చెప్పారు. పాత క్యాలెండరు వెనక రాసుకున్నది ఇది.

ఇప్పుడు రిటర్నుకి ఏమీ జత చేయం. ప్రీమియం రసీదులు, అద్దె రసీదులు, విరాళం రసీదులు, అన్నీ మన దగ్గరే ఉంటాయి. అడిగినప్పుడు చూపించాలి. వేసిన రిటర్నుని మామూలు స్క్రూటినీకి (వివరమైన తనిఖీకి) తీసుకోవాలంటే, రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 3 నెలల్లోపు నోటీసు రావాలి. అంటే ఈ సెప్టెంబరులో వేస్తే 2026 జూన్ 30 దాకా. అది దాటిందని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఆదాయం ఏదైనా లెక్కలోకి రాలేదనుకుంటే పాత సంవత్సరాన్ని తిరగదోడే అధికారం పన్ను శాఖ వాళ్లకుంది. 2024 సెప్టెంబరు 1 నుంచి దానికి గడువు, అసెస్‌మెంట్ ఇయర్ (సంపాదించిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక 3 ఏళ్ల 3 నెలలు. తప్పిపోయిందనుకున్న ఆదాయం 50 లక్షలు, ఆపైన అయితే 5 ఏళ్ల 3 నెలలు. అంతకుముందు ఈ రెండోది 10 ఏళ్ల దాకా ఉండేది. నెట్‌లో ఇప్పటికీ "పదేళ్లు దాచండి" అని కనిపించేది ఆ పాత లెక్కే.

మనబోటి వాళ్లకి 50 లక్షల మాట ఎందుకులే అనుకున్నా. "స్థలం అమ్మినా, ఫ్లాటు కొన్నా ఆ అంకె ఎంతలో వస్తుందండీ?" అన్నారు ఆడిటర్ గారు. నిజమే. అందుకని పెద్ద గడువే పట్టుకున్నా. ఉదాహరణకి 2018-19లో సంపాదించిన దానికి అసెస్‌మెంట్ ఇయర్ 2019-20. అది 2020 మార్చి 31న ముగిసింది. దానికి 5 ఏళ్ల 3 నెలలు కలిపితే 2025 జూన్ 30. మొన్ననే దాటింది! అంటే ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి లెక్కేస్తే 6 ఏళ్ల 3 నెలలు. నేను గుండుగుత్తగా ఏడేళ్లు అని పెట్టుకున్నా. జీతగాళ్లకి ఇన్నేళ్లు దాచి తీరాలన్న నియమం విడిగా లేదు. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్ల లాంటి వృత్తుల వాళ్ల ఖాతా పుస్తకాలకైతే రూల్ 6ఎఫ్ కింద అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఆరేళ్లు అని స్పష్టంగా ఉంది.

సాయంత్రం డల్లాస్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. రాఖీ ఫోన్లోనే. కట్టలు చూపిస్తే "అక్కా, ఇక్కడ మూడేళ్లు చాలంటారు" అన్నాడు. వాళ్లకీ మినహాయింపులున్నాయి. ఆదాయంలో నాలుగో వంతుకి మించి చూపకుండా వదిలేస్తే ఆరేళ్లు. ఇండియా ఖాతాల్లో ఏడాదిలో ఏ ఒక్కరోజైనా మొత్తం 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) వేయాలి, ఆ ఖాతాల వివరాలు అయిదేళ్లు ఉంచుకోవాలి. "నీ పేరున ఇక్కడున్న ఎఫ్‌డీల కాగితాలు నాకు తెలియదు, నువ్వే చూసుకో" అని చెప్పేశా.

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ్టితో ప్రాజెక్టు మలుపు తిరిగింది.

ఏడేళ్ల లెక్క పట్టుకుని 2018కి ముందువన్నీ ఒక కుప్పగా వేస్తూ పోతుంటే 2006-07 కట్టలో ఇటుకల బిల్లు కనిపించింది. తెనాలి ఇంటి మేడ మీద వాటా వేసిన సంవత్సరం అది. ఏడేళ్ల సూత్రం ప్రకారం చిత్తు కుప్పలోకి పోవాల్సింది. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది పన్ను కాగితం కాదమ్మా, ఇంటి కాగితం."

ఆ ఇల్లు ఇప్పుడు అద్దెకిచ్చాం, రేపోమాపో అమ్ముతారు. అమ్మినప్పుడు లాభం లెక్కకట్టాలంటే ఎంతకి కొన్నామో, ఎంత పెట్టి కట్టామో చూపించాలి. 1994లో కొన్న అయిదు సెంట్ల స్థలం అది. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నవాటికి ఆ రోజు మార్కెట్ విలువని కొనుగోలు ధరగా తీసుకోవచ్చు, కాకపోతే ఆ రోజు రిజిస్ట్రేషన్ విలువని మించకూడదు. కింద వాటా 1996లో కట్టింది కాబట్టి అదీ ఆ విలువలోనే కలిసిపోతుంది. 2001 తర్వాత పెట్టిన ఖర్చు మాత్రం విడిగా కలుపుకోవచ్చు, రుజువుంటే. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు, స్థలాలకి ఇప్పుడు రెండు దారులు. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు పాత ఖర్చుని పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో లెక్కేసి 20 శాతం. ఏది తక్కువైతే అది.

నాన్న ఖాతా పుస్తకంలో మేడ ఖర్చు మొత్తం 4,88,000. పక్కన కూర్చుని నోటితోనే లెక్క కట్టేశాడు. ఇండెక్సేషన్‌కి వాడే ధరల సూచీ 2006-07లో 122, ఈ ఏడాదిది 376. నాలుగు లక్షల ఎనభై ఎనిమిది వేలని 122తో భాగిస్తే 4,000. దాన్ని 376తో గుణిస్తే 15,04,000. దాని మీద 20 శాతం 3,00,800. ఆ కట్ట చేతిలో ఉంటే పన్నులో మూడు లక్షలు తగ్గుతుందన్నమాట, సెస్సు కాక.

ఆ కట్ట మొత్తం చేతిలో ఉంటే. సిమెంటు, ఇటుకలు, కరెంటు సామాను, తలుపులు, అన్నీ కలిపి 3,05,000కి బిల్లులున్నాయి. ఇనుము బిల్లులు, సెంట్రింగు మేస్త్రీకి ఇచ్చిన రసీదులు ఉన్న కవరుని చెదలు తినేశాయి. కవరు తీస్తే మట్టి రాలింది. మధ్యలో ఒక రెవిన్యూ స్టాంపు, దాని మీద సగం సంతకం. మళ్లీ నాన్నే లెక్క కట్టాడు. మిగిలిన 1,83,000ని 122తో భాగిస్తే 1,500, ఇంటూ 376 అయిదు లక్షల అరవై నాలుగు వేలు, దానికి 20 శాతం. "1,12,800 తిన్నాయే చెదపురుగులు" అన్నాడు. అమ్మ వెళ్లి చీపురు తెచ్చింది.

పూర్తిగా పోయినట్టేం కాదు. అప్పుడు తీసుకున్న ఇంటి లోను మంజూరు లెటరు, ఇంజినీరు వేసిన ఎస్టిమేటు, ప్లాను అప్రూవల్ దొరికాయి. ఖాతా పుస్తకంలో తేదీలతో సహా రాసి ఉంది. వీటితో ఎంతవరకు నిలబడుతుందో ఆడిటర్ గారు చూస్తానన్నారు. అయితే ఆ రోజుల బ్యాంకు స్టేట్‌మెంటు మాత్రం అడగడం దండగ. మనీ లాండరింగ్ చట్టం ప్రకారం బ్యాంకులు లావాదేవీల రికార్డు అయిదేళ్లు ఉంచితే చాలు. నా దగ్గర లేకపోయినా బ్యాంకులో ఉంటుందిలే అన్న ధీమా ఇవాళ్టితో పోయింది.

అందుకని కుప్పల పేర్లు మార్చేశా. ఒకటి ఏడాది కాగితాలు. వీటికి ఏడేళ్ల ఆయుష్షు. ఇంకోటి ఆస్తి కాగితాలు. వీటి గడియారం ఆస్తి అమ్మిన రోజున గానీ మొదలవదు. అమ్మి, ఆ లాభం చూపించిన సంవత్సరం నుంచి మళ్లీ ఏడేళ్లు. అమ్మకుండా మా తరానికి వస్తే నాన్న కొన్న ధరే మా ధర అవుతుంది. అంటే 1994 దస్తావేజు, 2006 ఇటుకల బిల్లు నేనూ తమ్ముడూ కూడా దాచాలి.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. నా సొంత చిక్కులు విప్పుకున్నా.

2020 మార్చిలో కరోనా భయానికి మ్యూచువల్ ఫండ్లు అమ్మి 62,000 నష్టం మూటగట్టుకున్నా. రిటర్ను గడువులోపే వేశాను కాబట్టి ఆ నష్టాన్ని ఎనిమిది అసెస్‌మెంట్ ఇయర్ల దాకా ముందుకు జరిపి, తర్వాతి లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు, అంటే 2028-29 దాకా. ఆఖరి ఏడాదిలో వాడుకుంటే ఆ సంవత్సరం నోటీసు గడువు, చిన్నదే తీసుకున్నా, 2032 జూన్ 30కి గానీ తీరదు. ఒక్క పూట టెన్షన్ పడి అమ్మినందుకు పన్నెండేళ్లు కాగితం కాపలా!

2018 జనవరి 31 లోపు కొన్న ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్లు అమ్మితే, లాభం కట్టడానికి ఆ రోజు విలువ కూడా లెక్కలోకొస్తుంది. అందుకని ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ నుంచి మొదటి రోజు నుంచీ ఉన్న స్టేట్‌మెంటు తెప్పించుకున్నా. పావుగంట పని, ఇన్నేళ్లుగా వాయిదా వేశా.

ఆదాయపన్ను పోర్టల్‌లోకి వెళ్లి వేసిన ప్రతి రిటర్ను, 143(1) ఇంటిమేషన్లు (రిటర్ను సరిచూసి శాఖ పంపేవి), 26ఏఎస్ (మన పేరున జమైన పన్ను లెక్క), ఏఐఎస్ (శాఖకి తెలిసిన మన లావాదేవీల జాబితా) దించుకున్నా. 26ఏఎస్ 2008-09 నుంచే దొరుకుతుంది, అంతకు ముందు టీడీఎస్‌కి (చేతికి రాకముందే కోసుకున్న పన్నుకి) సాక్ష్యం కాగితమే.

మధ్యలో నాన్న ఒక చలానా ముక్క తెచ్చి చూపించాడు. 2007-08కి 8,740 రూపాయలు. బ్యాంకు బ్రాంచి బీఎస్ఆర్ కోడు, సీరియల్ నంబరు, బ్యాంకు సీలు స్పష్టంగా ఉన్నాయి. అప్పుడు చలానాలో అసెస్‌మెంట్ ఇయర్ గడిలో పొరపాటున ఆర్థిక సంవత్సరం రాశాడట, డబ్బు వేరే ఏడాదికి జమైంది. పోర్టల్‌లో బాకీ అని ఏళ్ల తరబడి కనిపించేది. 2024 ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్‌లో 2009-10 వరకు ఉన్న 25,000 లోపు బాకీలు ఎత్తేస్తామన్నారు, 1962 నాటివి కూడా ఇంకా పుస్తకాల్లో ఉన్నాయని చెబుతూ. అలా నాన్న బాకీ మాయమైంది. "పదిహేనేళ్లు దాచి ఏం లాభం, వాళ్లే కొట్టేశారు" అని ఆయన బాధ. నిరూపించుకునే అవకాశం పోయిందని!

ఆగస్టు 17, ఆదివారం

స్కానింగు మొదలు. ఇవాళ ఒక వెధవ పని చేశా, దాచకుండా రాస్తున్నా.

నేను పాత పద్ధతిలోనే (మినహాయింపులు చూపించుకునే దాంట్లో) పన్ను కడుతున్నా. అమ్మా నాన్నలకి హెల్త్ పాలసీ లేదు. అరవై దాటిన తల్లిదండ్రులకి పాలసీ లేకపోతే వాళ్ల వైద్యం ఖర్చు సెక్షన్ 80డి కింద 50,000 దాకా మినహాయింపుగా చూపించుకోవచ్చు, నగదు కాకుండా కార్డు మీదో ఫోన్లోనో కట్టి ఉంటే. కాబట్టి మందుల షాపు బిల్లులు నాకు బంగారం. ఇవన్నీ నున్నటి థర్మల్ కాగితం మీద వస్తాయి. పోయినేడాది జూన్ బిల్లులు అప్పుడే వెలిసిపోతున్నాయి. భద్రంగా ఉంటాయని పెద్ద బిల్లులు నాలుగు తీసుకెళ్లి మా వీధి జిరాక్సు షాపులో లామినేషన్ చేయమన్నా. "మేడమ్, ఇది చేస్తే..." అని ఆ అబ్బాయి ఏదో చెప్పబోతుంటే "పర్లేదు, చెయ్యి" అన్నా. మిషన్లోంచి నల్లటి అట్ట బయటికొచ్చింది. అక్షరం కనబడలేదు. థర్మల్ కాగితం మీద అచ్చు పడేదే వేడితో, అలాంటి దాన్ని వేడి రోలర్ల మధ్య దూరిస్తే మొత్తం నల్లబడకేం చేస్తుంది! మిగతా మూడూ లాక్కుని ఇంటికొచ్చా. ఆ నల్ల అట్టని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించా, బుద్ధి రావాలని. మందుల షాపు వాళ్లే కంప్యూటర్లో చూసి మళ్లీ బిల్లు తీసిచ్చారు. అదే రెండేళ్ల తర్వాతైతే ఇచ్చేవారో లేదో.

ఇప్పటి పద్ధతి: బిల్లు ఇంటికొచ్చిన రోజే ఫోన్‌తో స్కాన్, ఒక మామూలు జిరాక్సు, అసలు బిల్లు దానికి జెమ్ క్లిప్‌తో. స్టేప్లర్ పిన్నులు వద్దు. నాన్న కట్టల్లో గుండుసూదులు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి, కొన్నిచోట్ల సరిగ్గా తేదీ ఉన్నచోటే చిల్లు.

ఫైలు పేర్లు "2024-25, మందులు, జూన్" ఇలా. మొదట అసెస్‌మెంట్ ఇయర్‌తో పెట్టి గంటలో గందరగోళపడి ఆర్థిక సంవత్సరానికి మార్చా. 2007లో నాన్న చేసిన తప్పు సరిగ్గా ఇదే కదా.

ఆగస్టు 24, ఆదివారం

కొత్త ఆదాయపన్ను చట్టం, 2025కి గురువారం రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో ప్రీవియస్ ఇయర్ (సంపాదించిన ఏడాది), అసెస్‌మెంట్ ఇయర్ పోయి "టాక్స్ ఇయర్" ఒక్కటే ఉంటుంది. ఈ కబురు చెబితే నాన్న "నేను రిటైరయ్యాక బాగుచేస్తున్నారా" అన్నాడు. పాత సంవత్సరాలు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి నా కుప్పలు మారవు.

ఎక్కడ దాచాలన్నది ఇవాళ్టి పని. 2009లో రిటర్నులు రాయించి పెట్టుకున్న సీడీ ఒకటి దొరికింది. వెనక వెండిపూత పొరలు పొరలుగా లేచింది. అది బాగున్నా పెట్టడానికి ఇంట్లో ఏ లాప్‌టాప్‌కీ సీడీ డ్రైవు లేదు. ఒకేచోట, ఒకే రకం వస్తువులో దాచకూడదని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు మూడు కాపీలు: లాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. క్లౌడ్‌కి ఎక్కించే ముందు సంవత్సరం వారీగా సెవెన్‌జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి మూట కట్టా. ఇంటిమేషన్ పీడీఎఫ్‌లకి వచ్చే పాస్‌వర్డుని నమ్ముకోలేం. అది పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని పక్కన పుట్టినతేదీ. ఈ రెండూ మన జిరాక్సులు ఇచ్చిన ప్రతి చోటా ఉన్నవే. డిజిలాకర్‌లో ఆయా శాఖలు నేరుగా ఇచ్చినవి అసలు వాటితో సమానంగా చెల్లుతాయి, మనం ఎక్కించినవి మాత్రం ఉత్త స్కాన్లే.

దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, మేడ బిల్లులు బ్యాంకు లాకర్‌కి. మంటలు, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా బ్యాంకు బాధ్యత, వరదలకి భూకంపాలకి కాదు. అయినా డబ్బు వస్తే ఇటుకల బిల్లు తిరిగొస్తుందా? అందుకే వాటిని స్కాన్ చేశాకే పంపించా, కవర్లో సిలికా జెల్ పొట్లాలు వేసి.

చివర్లో పరీక్ష. మా ఆయన్ని పిలిచి "నేను ఊళ్లో లేననుకోండి, 2021-22 ప్రీమియం రసీదు తీయండి" అన్నా. పదకొండు నిమిషాలు పట్టింది. ఆయన ఇన్సూరెన్స్ అని వెతికారు, నేను 80డి అని పెట్టా. సెక్షన్ నంబర్లు నాకూ ఆడిటర్ గారికీ తప్ప ఎవరికి గుర్తుంటాయి! పేర్లన్నీ మామూలు మాటల్లోకి మార్చి, ఏది ఎక్కడుందో ఒక పేజీ రాసి ఆయన బీరువాలో పెట్టా. హార్డ్ డిస్కు పాస్‌వర్డు విడిగా మూసిన కవర్లో.

ఆగస్టు 31, ఆదివారం

చవితి నుంచి ముసురు. పారేసే కార్యక్రమం ఇవాళ.

తూకం వేసి అమ్మొద్దని పట్టుబట్టింది నాన్నే. ఒకసారి తెనాలి బస్టాండులో పల్లీలు కొంటే పొట్లం ఎవరిదో జీతం స్లిప్పట, పేరూ ఖాతా నంబరూ సంతకంతో సహా. పల్లీలు తిని ఆ పొట్లాన్ని చింపి డ్రైనేజీలో వేశాడట. చింపే మిషన్ కొందామా అనుకుంటుంటే అమ్మ "ఎందుకు డబ్బు దండగ, బకెట్లో నానెయ్యండి" అంది. పాన్ నంబరు, సంతకం, ఖాతా నంబరు ఉన్నచోట కత్తెరతో ముక్కలు చేసి, మూడు బకెట్లలో నానేశాం. నాన్న ప్రతి ఫారం 16నీ ఒకసారి చదివి అందించాడు. 1987-88ది మాత్రం ఇవ్వలేదు. మొదటి జీతం మీద పన్నట. నా సూత్రం ప్రకారం దానికి ఏ కారణమూ లేదు, అయినా మూడో కుప్ప మొదలుపెట్టా.

సెప్టెంబరు 7, ఆదివారం

రిటర్ను నిన్న వేసి, ఆధార్ ఓటీపీతో అప్పుడే ఈ-వెరిఫై చేశా. ముప్ఫై రోజులుంది కదా అని వదిలేస్తే మర్చిపోతా.

23 కిలోలు 6 కిలోలైంది. 2001 నాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్ కోసం తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, దసరాకి వెళ్లినప్పుడు. ఇనుము కొట్టు ఇంకా ఉందో లేదో, ఉంటే పాత బిల్లు పుస్తకాలున్నాయేమో కనుక్కుంటానన్నాడు నాన్న.

నానిన కాగితాన్ని అమ్మ వదల్లేదు. మెంతులు నానబెట్టి రుబ్బి, ఆ గుజ్జులో కలిపి, పాత వెదురు బుట్టకి లోపలా బయటా మెత్తింది. చిన్నప్పుడు అమ్మమ్మ చాటలకి అలాగే మెత్తేది. వారం నుంచి బాల్కనీలో ఉంది, ఈ వానలకి ఇంకా పూర్తిగా ఆరలేదు. అయినా పొద్దున చూస్తే అందులో నిన్నటి మందుల బిల్లు పడేసి ఉంది. తడికి అంచు అప్పుడే మెత్తబడింది. తీసి స్కాన్ చేశా.